మార్పులు చేసిన పాత డీజిల్ పికప్ బండి: కొనబోయే పాల సంఘాలకు కొన్ని సూచనలు

పాల సేకరణ పెరిగిన సంఘాలలో ఒక ఆలోచన తరచుగా వినవస్తున్నది. "ఏటా అద్దె బండికి పోసే డబ్బుతో సొంత బండే వస్తుంది గదా" అని సభ్యులు అడుగుతున్నారు. ఆలోచన మంచిదే. అయితే కొత్త బండి ధర విని వెనుకంజ వేసిన పాలకవర్గాలు పాత డీజిల్ పికప్పుల వైపు చూస్తున్నవి. బజారులో అమ్మకానికి వచ్చే పాత పికప్పులలో కంపెనీ నుండి వచ్చిన రూపంలోనే ఉన్నవి తక్కువ. ఒకరు బాడీ ఎత్తు పెంచి ఉంటారు. ఒకరు కమాన్ కట్టలకు అదనపు పట్టీలు వేయించి ఉంటారు. ఇంకొకరు పెద్ద టైర్లు, ముందు ఇనుప గార్డు, వరుస లైట్లు, నాలుగు స్పీకర్లు పెట్టించి పెండ్లి బండి వలె తయారుచేసి ఉంటారు.

గేదెను కొనేటప్పుడు మన సభ్యులు ఎంత జాగ్రత్త పడతారో అందరికీ తెలిసినదే. పండ్లు చూస్తారు, పొదుగు తడిమి చూస్తారు, రెండు పూటలా ఎదురుగా పాలు పితికించి గాని బయానా ఇవ్వరు. కొమ్ములకు రంగు వేసినంత మాత్రాన ఎవరూ వెయ్యి రూపాయలు ఎక్కువ ఇవ్వరు. అదే మనుష్యులు పదిమంది సొమ్ముతో బండి కొనేటప్పుడు మాత్రం రంగు చూచి, హారన్ విని బేరం ముగించుట కద్దు. నీళ్ళలో ఉన్న బర్రెను బేరమాడుట ఎటువంటిదో, మార్పులు చేసిన బండిని పైపైన చూచి కొనుట అటువంటిదే. ఈ విషయమై సంఘాలు గమనింపవలసిన అంశాలను క్రింద వివరించుచున్నాము.

1. మార్పులన్నీ ఒక్కటి కావు

ముందుగా ఒక మాట స్పష్టం చేయవలెను. మార్పు చేసిన ప్రతి బండీ చెడ్డది కాదు. కొన్ని పికప్పులను కంపెనీయే క్యాబిన్, ఛాసిస్ మాత్రం ఇచ్చి అమ్ముతుంది. కొన్నవారు విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల బాడీ కట్టించి, అధికారికి చూపి రిజిస్ట్రేషన్ చేయించుకుంటారు. అటువంటి బాడీ వివరం ఆర్.సి.లో ఉంటుంది. దానితో ఇబ్బంది లేదు.

ఇబ్బంది అంతా రిజిస్ట్రేషన్ అయిన తరువాత, ఎవరి అనుమతి లేకుండా చేసిన మార్పులతోనే వస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ నిర్దేశించిన వివరాలకూ ఆర్.సి.లోని వివరాలకూ తేడా వచ్చేటట్లుగా బండి యజమాని మార్పులు చేయరాదు. ఇంజను మార్చుటకు కూడా రిజిస్టరింగ్ అధికారి అనుమతి, ఆ పైన ఆర్.సి.లో నమోదు ఉండవలెను. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఒక తీర్పులో ఈ సంగతినే స్పష్టం చేసినది. అదే సంవత్సరం చట్టానికి జరిగిన సవరణలో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చునని చేర్చినారు. ముందు భాగాన బిగించే ఇనుప గార్డుల మీద చర్య తీసుకొనవలసినదిగా కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు వ్రాసినది.

"మార్పు చేసినది పాత యజమాని, మాకేమి" అని అనుకొనరాదు. ఫిట్‌నెస్‌కు వెళ్ళిన రోజున బ్రేకు ఇన్‌స్పెక్టరు గారి ముందు నిలబడేది మన సంఘం బండి. వాటిని విప్పించి, బండిని మొదటి రూపానికి తెచ్చే ఖర్చు మనదే.

2. మొదటి పరీక్ష వేబ్రిడ్జి మీద

ఇంజను మూత ఎత్తక ముందే చేయవలసిన పని ఒకటున్నది. ఖాళీ బండిని వేబ్రిడ్జి మీదికి ఎక్కించండి. చీటీ మీద వచ్చిన బరువును ఆర్.సి.లో వ్రాసిన ఖాళీ బరువుతో పోల్చండి. తరువాత ముందు చక్రాలు మాత్రమే, వెనుక చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి విడివిడిగా తూకం వేయించండి. కంటికి కనబడని మార్పులను కూడా ఈ చీటీ పట్టి ఇస్తుంది.

లెక్క ఒక ఉదాహరణతో చూద్దాము. ఒక బండి ఆర్.సి.లో సరుకుతో కలిపి అనుమతించిన మొత్తం బరువు 2,950 కిలోలు, ఖాళీ బరువు 1,600 కిలోలు అని ఉన్నదనుకొనండి. తేడా 1,350 కిలోలు. ఖాళీ బరువులో డ్రైవరు, సహాయకుల బరువు చేరదు గనుక ఇద్దరికి 140 కిలోలు తీసివేయవలెను. మిగిలినది 1,210. నలభై లీటర్ల క్యాను నిండా పాలుంటే పాల బరువు సుమారు 41 కిలోలు, క్యాను బరువుతో కలిపి 50 కిలోలు వేసుకొనవచ్చును. అంటే ఆ బండి మీద 24 క్యాన్లు న్యాయంగా వెళ్ళగలవు.

ఇప్పుడు పాత యజమాని చేసిన మార్పులు చూడండి. ఇనుప రేకుల పైకప్పు, పంజరం 150 కిలోలు. చెక్క మీద రేకు వేసిన రెండవ అంతస్తు నేల 60. ముందు, ప్రక్కల గార్డులు 40. క్యాబిన్ వెనుక పెట్టె, బల్ల 30. మొత్తం 280 కిలోలు. ఈ బరువు ప్రతి రోజూ, ప్రతి ట్రిప్పులోనూ పాలకు బదులుగా ప్రయాణం చేస్తుంది. ఇక మనకు మిగిలినది 930 కిలోలు, అనగా 18 క్యాన్లు. ఆరు క్యాన్లు, 240 లీటర్ల పాలు, గట్టు మీద మిగిలిపోయినవి.

"అదనపు పట్టీలు వేయించాము, ఎంతైనా మోస్తుంది" అని అమ్మేవారు చెప్పుట మామూలు. పట్టీలు కలిపితే బండి వెనుక భాగం క్రుంగకుండా ఉంటుంది, అంతే. బ్రేకులు, ఇరుసు, హౌసింగ్, బేరింగులు, ఛాసిస్ అన్నీ పాత బరువుకు లెక్కకట్టి చేసినవే. ఆర్.సి.లోని మొత్తం బరువు ఒక్క కిలో కూడా పెరగదు. కొన్ని బళ్ళలో వెనుక కమాన్లు క్రుంగిన దానినిబట్టి వెనుక బ్రేకులకు వెళ్ళే ఒత్తిడిని సర్దే కవాటం ఉంటుంది. పట్టీలు పెంచి క్రుంగకుండా చేస్తే, నిండు బరువుతో ఉన్నా ఆ కవాటం బండి ఖాళీగా ఉన్నదని భావించి వెనుక బ్రేకు తగ్గించును. అధిక బరువుకు 2019 సవరణ చట్టంలో 20,000 రూపాయలు, ఆ పైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయల జరిమానా ఉన్నది. సరుకు దింపించు ఖర్చు వేరు.

3. కాగితాలు చూచు పద్ధతి

ఆర్.సి. నకలు చూచి తృప్తి పడరాదు. పరివాహన్ వెబ్‌సైటులోగాని, ఎంపరివాహన్ యాప్‌లోగాని బండి నంబరు కొట్టి చూడవలెను. సరిచూడవలసినవి ఇవి:

(అ) ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు. బండి మీద చెక్కిన అంకెలు ఆర్.సి.లోని వాటితో అక్షరం అక్షరం కలియవలెను. అంకెల చోట కొత్తగా రంగు వేసినా, అరగదీసిన గుర్తు కనబడినా ఆ బేరం అక్కడే విరమించండి.

(ఆ) అప్పు. ఆర్.సి.లో ఫైనాన్సు పేరున హైపోథికేషన్ ఉంటే, అప్పు ఇచ్చినవారి నిరభ్యంతర పత్రం, ఫారం 35 చేతికి వచ్చిన తరువాతనే పూర్తి సొమ్ము చెల్లించవలెను.

(ఇ) ఫిట్‌నెస్. సరుకు బళ్ళకు ఎనిమిదేళ్ళ వయస్సు వరకు రెండేళ్ళకు ఒకసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ చేయించవలెను. 15 ఏళ్ళు దాటిన బళ్ళకు 2022 ఏప్రిల్ నుండి రుసుము బాగా పెరిగినది. గడువు దగ్గర పడిన బండి చౌకగా వచ్చుటకు కారణం సాధారణంగా ఇదే.

(ఈ) పన్ను, చలాన్లు, పొల్యూషన్, బీమా బకాయిలు.

(ఉ) పర్మిట్. మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు బళ్ళకు పర్మిట్ అవసరం లేదు. అంతకు మించితే కావలెను.

పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 ఉన్నవి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజులలోను, కొన్నవారు 30 రోజులలోను తెలియజేయవలెను. 2014 జూన్‌లో రాష్ట్రం రెండైన తరువాత, తెలంగాణ బండిని ఆంధ్రప్రదేశ్‌లో గాని, ఇక్కడి బండిని అక్కడ గాని కొంటే ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం కూడా తెచ్చుకొనవలెను. బీమా కంపెనీకి 14 రోజులలోగా దరఖాస్తు పెట్టి పాలసీని సంఘం పేరుకు మార్పించుకొనవలెను. ఇతరులకు జరిగే నష్టానికి బీమా బండితో పాటే వచ్చినట్లు చట్టం భావిస్తుంది. మన బండికి జరిగే నష్టానికి మాత్రం పాలసీ మన పేరున లేనిదే దారి ఉండదు.

"పేరు తరువాత మార్చుకొందాము, ముందు పాలు తోలుకోండి" అను మాట వినరాదు. సంఘం తన పాత బండి అమ్మినపుడు కూడా ఇదే సూత్రం. రికార్డులో ఎవరి పేరు ఉంటే ప్రమాద పరిహారానికి వారే బాధ్యులని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

4. బోనస్ పోయిన సంగతి

నేను తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో, పేరు చెప్పుట భావ్యం కాదు, ఇటువంటి బండినే కొన్నారు. ఎత్తైన పంజరం, పెద్ద టైర్లు. కాలువ గట్టు మలుపులో ఒక తెల్లవారుజామున బండి ప్రక్కకు ఒరిగినది. దైవవశాత్తు ప్రాణాలు దక్కినవి. పూట పాలన్నీ కాలువ పాలైనవి. సర్వేయరు వచ్చి బాడీ కొలతలు ఆర్.సి.తో కలియలేదని, ఆ మార్పు బీమా పత్రాలలో ఎక్కడా తెలుపలేదని వ్రాసినాడు. క్లెయిము నెలల తరబడి నలిగి, చివరకు కోరిన దానిలో కొంత మాత్రమే వచ్చినది. మరమ్మతు ఖర్చు సంఘం లాభంలో నుండి తీయగా, ఆ ఏడు సభ్యులకు బోనస్ లేకపోయినది.

సర్వసభ్య సమావేశంలో ఒక వృద్ధ సభ్యురాలు లేచి, "ఏం బాబూ, మా గేదె బోనస్సుతో మీరు బండికి గొడుగు కట్టించారా?" అని అడిగినది. పాలకవర్గంలో ఎవరి వద్దా సమాధానం లేదు. వారిలో దొంగ ఎవరూ లేడు. అందరూ నిజాయితీపరులే. కాటా చీటీ ఒకటి తీసుకొని, ఆర్.సి. ప్రక్కన పెట్టి చూచినవారు మాత్రం లేరు.

5. ఇంజను పరీక్ష

బండి చూచుటకు తెల్లవారి వెళ్ళవలెను. ఇంజను చల్లగా ఉన్నపుడు చేతితో తాకి, మీ ఎదుట స్టార్టు చేయించవలెను. ముందే వేడి చేసి ఉంచిన ఇంజను తన రోగం దాచుకొనును.

పొగ రంగు చూడండి. నీలి పొగ వస్తే ఆయిలు కాలుతున్నది. వేడెక్కిన తరువాత కూడా తెల్ల పొగ ఆగకపోతే డీజిల్ సరిగా మండుట లేదు, లేదా నీరు సిలిండరులోకి దిగుచున్నది. ఎక్కువగా నల్ల పొగ వస్తే గాలి చాలక పోవుట గాని, డీజిల్ ఎక్కువగా పోవుట గాని కారణం. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీయండి. అక్కడి నుండి పొగ బుసబుసమని కొడితే రింగులు అరిగినవని అర్థం. మూత అడుగున మీగడ వంటి జిగురు ఉంటే నీరు, ఆయిలు కలియుచున్నవేమో చూపించవలెను.

"పికప్ పెంచాము" అని చెప్పిన బండి విషయమై మరింత జాగ్రత్త అవసరం. పాత ఇంజన్లలో పంపు త్రిప్పి, కొత్త వాటిలో కంప్యూటరు లెక్కలు మార్చి డీజిల్ ఎక్కువ పోయునట్లు చేస్తారు. శక్తి పెరుగును గాని పిస్టన్లు, టర్బో, క్లచ్ అధిక వేడికి, అధిక భారానికి లోనగును. 2020 ఏప్రిల్ నుండి అమలైన బి.ఎస్-6 డీజిల్ బళ్ళలో చాలావాటికి పొగగొట్టంలో మసి పట్టు జల్లెడ ఉంటుంది. ఊరూరా ఆగి క్యాన్లు ఎక్కించే పాల బండికి ఇది త్వరగా మసిబారును. ఎందుకంటే ఆ మసి కాలిపోవుటకు కొంతసేపు ఆగకుండా నడిచి పొగగొట్టం బాగా వేడెక్కవలెను. దీనితో విసిగి కొందరు జల్లెడ కోసివేసి ఖాళీ గొట్టం అతికిస్తారు. పొల్యూషన్ పరీక్షలో పట్టుబడితే కొత్త జల్లెడ కొనుట సంఘానికి పెద్ద భారం. బండి క్రింద పడుకొని ఆ గొట్టం మీద కొత్త వెల్డింగు ఉన్నదేమో చూడవలెను.

6. బండి క్రింద, చక్రాల వద్ద

పైన పటారం, లోన లొటారం అను సామెత పికప్పుల విషయంలో అక్షరాలా నిజం. ఛాసిస్ పొడుగునా టార్చి లైటుతో చూడండి. అతుకు వెల్డింగు, కొత్త రంధ్రాలు, పట్టీ అతికించిన చోట్లు ఉన్నవా? ఛాసిస్ కోసి పొడిగించిన బండిని ఎంత చౌకగా ఇచ్చినా తీసుకొనరాదు. ఇంతకు ముందు పాలు, చేపలు, ఉప్పు తోలిన బండి అయితే నేల క్రింద తుప్పు తప్పక వెదకండి. పాలు ఒలికి, పులిసి, రోజూ నీళ్ళతో కడిగిన చోట ఇనుము త్వరగా తినిపోవును.

టైరు ప్రక్కన నాలుగు అంకెలుంటాయి. 3621 అని ఉంటే 2021వ సంవత్సరం 36వ వారంలో తయారైనదని అర్థం. కంపెనీ కొలతకంటె పెద్ద టైర్లు వేసి ఉంటే మీటరు అబద్ధం చెప్పును. టైరు వ్యాసం నూటికి పది పెరిగితే 1,10,000 కిలోమీటర్లు తిరిగిన బండి మీటరు లక్షే చూపును. నలభైలో పోవుచున్నామనుకొన్న డ్రైవరు నిజానికి నలభై నాలుగులో ఉంటాడు.

లైట్లకు, స్పీకర్లకు లాగిన వైర్లు ఫ్యూజు లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపి ఉంటే వెంటనే తీయించవలెను. డీజిల్ పైపు ప్రక్కన ఒరుసుకొనే వైరు నిప్పుకు దారి.

చివరగా, 18 క్యాన్లలో నీళ్ళు నింపి ఎక్కించి, మీ పాల దారిలోనే నడిపి చూడండి. ఖాళీ బండిని తారు రోడ్డు మీద నడిపి చూచుట, ఎండిన గేదెను చూచి పాల ధర కట్టినట్లే.

7. పాలకు పనికివచ్చునా?

బండి ఇంతకు ముందు ఏమి మోసినదో అడిగి తెలుసుకొనండి. పురుగుమందులు, డీజిల్ పీపాలు మోసిన చెక్క నేల వాసన ఎంత కడిగినా వదలదు. పాలు వాసనలను త్వరగా పట్టుకొనును. నేల నునుపుగా, నీరు నిలువకుండా, మూలలు కడుగుటకు వీలుగా ఉండవలెను. రెండు అంతస్తుల నేల ఉంటే రెండింటి మధ్య ఒలికిన పాలు పులిసి, క్రిములకు నిలయమగును. పైకప్పు వలన నీడ దొరకుట నిజమే. దానికి 150 కిలోల ఇనుము అవసరం లేదు. లేతరంగు టార్పాలిన్, తడి గోనెలు చాలా సంఘాలలో ఆ పని చేయుచున్నవి.

8. లీటరుకు ఎంత పడుతుంది?

పై ఉదాహరణలోని సంఘం ఉదయం 960 లీటర్లు, సాయంత్రం 640 లీటర్లు, రోజుకు మొత్తం 1,600 లీటర్లు తోలుతున్నదనుకొందాము. సంవత్సరానికి 5,84,000 లీటర్లు. ఉదాహరణకు వేసిన ఖర్చులు ఇవి:

బండి ధర, మొదటి మరమ్మతులు కలిపి 5,10,000. ఐదేళ్ళకు అమ్మితే 2,00,000 వచ్చుననుకొంటే ఏటా తరుగు 62,000 రూపాయలు.
పెట్టుబడి మీద నూటికి 9 చొప్పున వడ్డీ 45,900.
రోజుకు 60 కిలోమీటర్లు, లీటరుకు 12 కిలోమీటర్లు, డీజిల్ లీటరు 98 రూపాయల చొప్పున 1,78,850.
డ్రైవరు జీతం నెలకు 15,000 చొప్పున 1,80,000.
బీమా, పన్ను, ఫిట్‌నెస్ 45,000.
టైర్లు, ఆయిలు, మరమ్మతులు 60,000.
మొత్తం 5,71,750 రూపాయలు. లీటరుకు సుమారు 98 పైసలు.

అద్దె బండి లీటరుకు 1 రూపాయి 5 పైసలు అడిగితే సొంత బండి వలన 7 పైసలు లాభం. అయితే పంజరం బరువు వలన ఉదయం 18 క్యాన్లే ఎక్కి, మిగిలిన ఆరింటికి 30 కిలోమీటర్ల ట్రిప్పు మరొకటి వేయవలసి వస్తే? ఏటా డీజిల్ ఖర్చే 89,425 రూపాయలు పెరుగును. లీటరుకు 15 పైసలు. అప్పుడు సొంత బండి ఖర్చు 1 రూపాయి 13 పైసలు. ఏడు పైసల లాభం ఎనిమిది పైసల నష్టమైనది. మీ సంఘం అంకెలు వేరుగా ఉండవచ్చును. లెక్క వేయు పద్ధతి మాత్రం ఇదే.

ఇందువలననే అలంకారాలకు పాత యజమాని పెట్టిన లక్ష రూపాయలు మనకు లక్ష కావు. వాటికి ధర కట్టకుండా, విప్పించు ఖర్చు తగ్గించి బేరమాడవలెను.

9. సంఘం పాటించవలసిన క్రమం

బండి కొనుగోలు అధ్యక్షుల వారి ఇష్టం గాని, కార్యదర్శి చొరవ గాని కారాదు. ముందుగా పాలకవర్గ తీర్మానం, బైలాల ప్రకారం అవసరమైతే సర్వసభ్య సమావేశం ఆమోదం ఉండవలెను. కనీసం మూడు బళ్ళు చూచి, మూడింటి వివరాలు మినిట్సులో వ్రాయవలెను. పాలకవర్గ సభ్యుని బండి గాని, వారి దగ్గర బంధువుల బండి గాని అయితే, ఆ సభ్యుడు చర్చలో కూర్చుండరాదు. సంబంధం లేని మెకానిక్‌కు రుసుము ఇచ్చి, వ్రాతపూర్వకంగా నివేదిక తీసుకొనవలెను. సొమ్ము ఆర్.సి.లో పేరున్న యజమాని ఖాతాకే బ్యాంకు ద్వారా చెల్లించవలెను. మధ్యవర్తి చేతికి నగదు ఇవ్వరాదు. పేరు మారే వరకు కొంత సొమ్ము నిలిపి ఉంచునట్లు ఒప్పందంలో వ్రాసుకొనుట మేలు.

డ్రైవరు లైసెన్సు కూడా చూడండి. మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా బండిని లైట్ మోటారు వాహన లైసెన్సు ఉన్నవారు నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు చెప్పినది. లైసెన్సు గడువు తీరి ఉంటే ఈ తీర్పు అక్కరకు రాదు.

కొన్న నాటి నుండి లాగ్ బుక్ నిర్వహించవలెను. తేదీ, కిలోమీటర్లు, డీజిల్, క్యాన్ల సంఖ్య, మరమ్మతులు అను ఐదు గడులు చాలును. ఏడాది చివర ఆ పుస్తకం చూచి, బండి సంఘానికి సంపాదించినదో, సంఘాన్ని తిన్నదో సభ్యులే చెప్పగలరు.

బండి బేరానికి వెళ్ళే రోజున ఈ పేజీని, ఆర్.సి. నకలును, వేబ్రిడ్జి చీటీకి కావలసిన చిల్లరను వెంట తీసుకొని వెళ్ళవలసినదిగా పాలకవర్గ సభ్యులను కోరుచున్నాము. "ఇవాళ సాయంత్రంలోగా తేల్చకపోతే ఇంకొకరికి పోతుంది" అని అమ్మేవారు తొందరపెడితే పోనివ్వండి. అమ్మకానికి మరొక బండి దొరకును. సభ్యుల బోనస్సు ఒకసారి పోతే ఆ ఏటికి తిరిగి రాదు.